ఆరు ఇళ్లు ఎక్కువొచ్చాయి

మా పిన్ని సర్వే ఆఫీసులో పట్టికలు సరిచూస్తుంది. ఆ పనేమిటో నాకు అర్థమయ్యేదాకా ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పింది. వాళ్లు ఏటా అవే ఇళ్లకు వెళ్లి అవే ప్రశ్నలు అడుగుతారు. ఇళ్లు నాలుగు వందల పన్నెండు, ఒక్కోదానికీ ఒక నెంబరు; ఏళ్లు ఆరు. ఇంటికి ఏడాదికో వరుస చొప్పున మొత్తం రెండు వేల నాలుగు వందల డెబ్బై రెండు. లోపల ఏముందో చూసేముందు పిన్ని కంప్యూటర్‌ను అడిగేవి మూడే: ఎన్ని ఇళ్లు, ఎన్నేళ్లు, మధ్యలో ఖాళీలున్నాయా?

"బట్టలు ఉతకడానికిచ్చే ముందు లెక్కపెట్టుకోమూ? ఇదీ అంతే."

ఆ రోజు వరుసలు సరిగ్గానే ఉన్నాయి. ఇళ్లు మాత్రం నాలుగు వందల పద్దెనిమిదని వచ్చింది. పన్నెండు ఇళ్లకు కొన్ని ఏళ్లు లేవు. ఆ పన్నెండూ బాబాయ్ తిరిగే వీధులవే. బాబాయ్ అంటే మా బాబాయ్ కాదు, ఆఫీసులో అంతా అలా పిలిచే, అందరికన్నా పెద్దవాడైన సర్వే మనిషి.

"ఆరిళ్లు ఎగ్గొట్టి ఆరిళ్లు సొంతంగా పుట్టించాడన్నమాట! సోమవారం నుంచి రానక్కర్లేదని చెప్పేస్తా" అన్నాడు ఆఫీసరు.

"సాయంత్రం దాకా ఆగండి సార్."

పిన్ని బీరువాలోంచి పాత ఫారాలు తీసి పన్నెండిళ్లూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒక నెంబరు ఆగిన మరుసటి ఏడే ఇంకో నెంబరు మొదలైంది. రెండింటి చిరునామా ఒకటే. వెంటనే బాబాయ్‌ని పిలిపించింది. ఆఫీసరన్న మాట అప్పటికే ఆయన చెవిన పడింది.

"ఈ ఇంటికి కొత్త నెంబరెందుకిచ్చారు బాబాయ్?"

"ఆ ఏడు పెద్దాయన పోయాడమ్మా. కోడలు ఎదురుగా కూచుని కళ్లొత్తుకుంటోంది. పోయినాయన నెంబరు కింద ఆ పిల్లని రాయడానికి నాకు చెయ్యాడలేదు."

"ఆరిళ్లలోనూ అంతేనా?"

"ఆరుగురూ పోయారుగా మరి!"

"నెంబరు మనిషిది కాదు బాబాయ్, ఇంటిది!"

"ఆ ముక్క మొదటి ఏడే ఎవరైనా చెప్పి చావొచ్చుగా!"

పిన్ని ఆరిళ్లకూ పాత నెంబర్లు తిరిగిచ్చి కంప్యూటర్‌ను మళ్లీ అడిగింది. నాలుగు వందల పన్నెండు ఇళ్లు, ఆరేళ్లు, ఖాళీల్లేవు. ఆఫీసరు కళ్లజోడు పెట్టుకుని ఆరు చిరునామాలూ తనే ఫారాలతో పోల్చుకున్నాడు. చివరి ఫారం మూసి పక్కన పెట్టాడు.

"సోమవారం రావాలా, వద్దా సార్?" అన్నాడు బాబాయ్.

"రాకపోతే ఆ వీధుల్లో ఇళ్ల మెట్లన్నీ నన్నెక్కమంటావా?"

బాబాయ్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. అంతసేపూ ఆయన నిలబడే ఉన్నాడని పిన్ని అప్పుడు గమనించింది.