చెవులింకా కుదురుకోలేదు

మా మావయ్యకి మనుషుల మొహాలు గుర్తుండవు. కుక్కపిల్లల చెవులు మాత్రం గుర్తుంటాయి. "ఫలానా ఆయన వచ్చాడు మావయ్యా" అంటే, "ఎవరూ?" అంటాడు. "రెండేళ్ల కిందట మన దగ్గర ఎర్రపిల్లని తీసుకెళ్లాడే" అంటే, "ఓహో, ఎడమ చెవి కొస మడతపడ్డదీ... రమ్మను, రమ్మను" అంటాడు. వచ్చినాయన్ని కూర్చోబెట్టి గంటసేపు ఆ చెవి యోగక్షేమాలు కనుక్కుంటాడు. ఆయన యోగక్షేమాలు కనుక్కోవడానికి మా అత్త ఉంది.

మావయ్య దర్జీ. ఇంటి ముందుగదే కొట్టు. రెండు మిషన్లుంటాయి, ఒకటి ఆయనది, ఇంకోటి నాది. కటింగు బల్ల కింద గుడ్డముక్కల కుప్పలో మా బాబిన్ పిల్లల్ని పెడుతుంది. బాబిన్ మా కుక్క. అది పిల్లల్ని పెట్టిన రోజు నుంచి మావయ్య మెడలోని టేపు మనుషులకి దొరకదు.

"పుట్టినప్పుడు వీటికి కళ్లే కాదు, చెవులూ మూసుకునే ఉంటాయి" అని కొలతలకొచ్చిన వాళ్లందరికీ, చేతులు పైకెత్తించి మరీ చెప్పేవాడు. "రెండు వారాలు దాటితేగానీ తెరుచుకోవు. అప్పటిదాకా ఇంట్లో ఎవరేం తిట్టుకున్నా వాటికి వినపడదు."

"అదృష్టవంతులు" అనేది అత్త లోపల్నుంచి.

కొలతల పుస్తకంలో ఛాతీ, నడుము, చేతి పొడవుల పక్కనే ఈ లెక్కలూ ఉండేవి. "కుడి చెవి సగం లేచింది. ఎడమ చెవి ఇంకా ఆలోచిస్తోంది." ఒకసారి ఆ రాతలు పొరపాటున ఒక బ్యాంకు ఆఫీసరు గారి పేజీలో పడ్డాయి. మావయ్య కత్తెర పట్టాక ఆలోచించే మనిషి కాదు, పుస్తకంలో ఏముంటే అదే కత్తిరిస్తాడు. ఆఫీసరు గారు ట్రయలుకొచ్చి అద్దం ముందు నిలబడితే కాలరు ఒక కొస నిటారుగా, ఒక కొస వాలిపోయి ఉంది.

"ఇదేమిటి మాస్టారూ?"

"కంగారు పడకండి, ఆర్నెల్లు తిరిగేసరికి రెండూ నిలబడతాయి" అన్నాడు మావయ్య, అలవాటు కొద్దీ. తర్వాత నాలిక్కరుచుకుని, సాయంత్రానికల్లా కొత్త కాలరు కుట్టిచ్చాడు.

చొక్కా చెప్పిన రోజుకి ఇవ్వకపోతే ఆయనకి ముద్ద దిగదు. కుక్కపిల్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం లోకంలో దర్జీలందరూ చేసే ఆలస్యం ఆయనొక్కడే చేసేవాడు. పిల్లని అడిగిన ప్రతివాడికీ ఒకటే జవాబు. "చెవులింకా కుదురుకోలేదు. వచ్చే వారం రండి." నాలుగైదుసార్లు తిరిగితేగానీ పిల్ల చేతికొచ్చేది కాదు. "ఇచ్చే ఉద్దేశం లేకపోతే లేదని చెప్పొచ్చుగా" అని మొహమ్మీదే అన్నవాళ్లున్నారు. నాకూ అలాగే అనిపించేది.

ఆ ఏడు బాబిన్ నాలుగు పిల్లల్ని పెట్టింది. అవింకా కళ్లు తెరవకముందే, వీధి మలుపులో కొత్తగా మూడంతస్తులు లేపిన మేడాయన వచ్చాడు. గేటు దగ్గర కట్టెయ్యడానికి చెవులు నిక్కబొడుచుకున్న కుక్క కావాలట.

"మొదటి ఎంపిక నాదే మాస్టారూ. నిలబడే చెవులున్నది నాకే చూపించాలి."

"అలాగే, మొదట మీకే" అని మావయ్య మాటిచ్చేశాడు. మాటిచ్చాక ఇక అంతే.

మూడు పిల్లల చెవులు మొదట్నుంచీ దొప్పల్లా వాలే ఉన్నాయి. ఆలస్యంగానైనా అవి తలా ఒక ఇంటికి చేరాయి. నాలుగోది, నల్లది, మూడున్నర నెలలకే రెండు చెవులూ నిలబెట్టింది. అది ఎప్పుడూ మా కాజాలక్క పాదాల మీదే పడుకునేది.

కాజాలక్క మా కొట్లో పన్నెండేళ్లుగా కాజాలు కుడుతోంది. ఆమె కాజాలు చూస్తే గుండీలకి మళ్లీ బయటికి రాబుద్ధి కాదు. ఒంటరి మనిషి. వినికిడి కొంచెం కొంచెంగా పోయి, ఇప్పుడు ఎడమ చెవి దగ్గర గట్టిగా మాట్లాడితేనే వింటుంది. ఆ నెలలోనే, ఒక రోజంతా ప్రయాణం చేసి వాళ్ల చెల్లెలు వచ్చింది. అరగంట తలుపు కొట్టి, ఇంట్లో ఎవరూ లేరనుకుని వెళ్లిపోయింది. అక్క ఆ సమయంలో లోపల కూర్చుని చెల్లెలికే ఉత్తరం రాస్తోంది.

"ఇది నా దగ్గరుంటే తలుపు చప్పుడు ఇది వినేది" అని నల్లదాని వీపు నిమురుతూ నాతో అంది. "కానీ మాస్టారు ఆయనకి మాటిచ్చారుగా. నేనడగను. నువ్వూ అడక్కు."

నేను ఆ మధ్యాహ్నమే అడిగేశాను.

"మాటంటే మాటే అమ్మడూ" అన్నాడు మావయ్య. అని, పిల్ల వెనక దూరంగా నిలబడి కత్తెర ఒక్కసారి టక్కుమనిపించాడు. పిల్ల గిరుక్కున తిరిగింది. పెరట్లోకెళ్లి మళ్లీ టక్కుమనిపించాడు. మళ్లీ తిరిగింది. "మంచి చెవులు" అని పుస్తకంలో రాసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

మేడాయన కబురు మీద కబురు పంపాడు. "చెవులింకా కుదురుకోలేదు" అని మావయ్య తిప్పిపంపాడు. నాలుగు నెలలు నిండాయి. రోజూ పొద్దున్నే పిల్ల నోరు తెరిచి చిగుళ్లు తడిమేవాడు. చెవి అడిగితే నోరు చూడ్డమేమిటని అత్త నవ్వేది. ఐదో నెలలో ఒక పొద్దున పిల్ల చెవులు చూస్తే, ఒకటి పక్కకి, ఒకటి వెనక్కి, ఉతికి ఆరేసిన జేబుల్లా వేలాడుతున్నాయి. నేను కంగారుగా మావయ్యని పిలిచాను. మావయ్య మాత్రం టీ కూడా తాగకుండా మేడాయనకి ఫోను చేశాడు. "ఇవాళే రండి. మాట ప్రకారం మొదట మీకే చూపిస్తాను."

మేడాయన వచ్చి చూశాడు. "ఇవేం చెవులండీ?"

"ఇవేనండీ. పళ్లు మారుతున్నాయి. చెవిలో మెత్తటి ఎముక ఉంటుందే, అది కాలరు నిలబడ్డానికి లోపల వేసే కాన్వాసు లాంటిది. దాని బలం కాస్త తగ్గుతుంది. రెండు మూడు వారాలాగితే మళ్లీ నిలబడొచ్చు."

"మీరు ఐదు నెలల్నుంచి అదే మాట చెబుతున్నారు" అని ఆయన గట్టిగా నవ్వాడు. "నాకొద్దు. ఎవరికైనా ఇచ్చేయండి."

"తర్వాత నన్నేమీ అనరుగా?"

"అనను."

ఆయన గేటు దాటాడో లేదో, మావయ్య కాజాలక్క ఎడమ పక్కకి వెళ్లి, వీధి మొత్తం వినేలా చెప్పాడు. "అక్కా, ఇది మీది."

అప్పుడర్థమైంది నాకు. ఆయన మాట తప్పలేదు, అబద్ధమాడలేదు. చెవులు ఏ వారంలో వాలతాయో తెలుసుకుని, ఆ వారానికి తారీఖు ఇచ్చాడు. ఇన్నేళ్లుగా మనుషుల్ని అన్నేసిసార్లు తిప్పడం కూడా ఊరికే కాదు. వంకర చెవులతో ఉన్నప్పుడు చూసి కూడా మళ్లీ వచ్చినవాళ్లకే ఆయన పిల్లనిచ్చాడు. ఆ రోజు నేను మిషను తొక్కుతూ, ఈయన మా మావయ్య అని దారినపోయే వాళ్లందరికీ చెప్పాలనుకున్నాను. నలుగురికి చెప్పాను కూడా.

మూడు వారాలకి నల్లదాని చెవులు రెండూ లేచి నిలబడ్డాయి. మళ్లీ పడలేదు. మేడాయన ఒకరోజు వీధిలో స్కూటరాపి, "ఇది ఆ కుక్కేనా?" అని కాజాలక్కనడిగాడు. ఆమెకి వినపడలేదు. మర్యాదగా నవ్వి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆమె తలుపు ఎవరు కొట్టినా నల్లది వెళ్లి ముక్కుతో ఆమె మోకాలు పొడుస్తుంది. చెల్లెలు వచ్చి వారం ఉండి వెళ్లింది. మావయ్యకి మాత్రం ఇంకా నమ్మకం చాల్లేదు. దారం ఉందా అని ఒకసారి, సూది ఉందా అని ఒకసారి, ఏమీ లేకుండా ఒకసారి, రోజుకి మూడు నాలుగుసార్లు వెళ్లి తలుపు కొడతాడు. మొన్న నేనూ వెంట వెళ్లాను. ఆయన వేలు తగిలిందో లేదో తలుపు భళ్లున తెరుచుకుంది.

"ఏం మాస్టారూ, పొద్దుట్నుంచీ అన్నిసార్లు కొడతారు" అంది కాజాలక్క విసుక్కుంటూ. "నాకేమన్నా చెవుడా?"