అగ్గి వస్తే వాగులోకి

అగ్నిగుండంలో తన దాసుల పక్కన నడిచిన దేవునికి స్తోత్రం. బూడిదలో కూర్చున్న వారిని లేపి నిలబెట్టే ఆయన నామానికే మహిమ. మా గూడేనికి ఆయన చేసిన మేలును చెప్పకుండా ఉండలేను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, జూలూరుపాడు అవతల అడవి అంచున, వాగు ఒడ్డున ఉన్న ఒక గూడెంలో నా భర్త పాస్టరుగా ఉండేవారు. ప్రార్థన మందిరంతో సహా అన్నీ తాటాకు కప్పులే. ఇప్పపువ్వు రాలే రోజుల్లో, ఏరుకోవడానికి నేల కనబడాలని చెట్ల కింద ఎండుటాకులు కాల్చడం అక్కడి అలవాటు. ఒక ఎండాకాలం ఆ నిప్పు గాలికి లేచి గూడెం మీదికి వచ్చింది.

అందరూ వడ్లు, బట్టలు, బొంతలు మోసుకొచ్చి మందిరంలో పెట్టారు. దేవుని ఇల్లు కాలదని మా నమ్మకం. ముందుగా అంటుకున్నది అదే. ప్రాణాలు తప్ప ఏమీ మిగల్లేదు.

మర్నాడు పక్క గూడెం పెద్దమనిషి ఒకాయన జావ కుండ తెచ్చి దించాడు. ఆయన మా సంఘం కాదు.

"పాస్టరయ్యా, మీ దేవునికి తాటాకు ఇల్లు కట్టి, దాంట్ల మీ సామాను దాచుమంటే ఆయన మటుకు ఏంజేస్తడు?"

"అవ్ పెద్దయ్యా, తప్పు ఆయనది గాదు," అన్నారు నా భర్త. కాలిన తర్వాత మేము నవ్వడం అదే మొదలు.

ఆ వారమే కూడుకొని తీర్మానించుకున్నాము. ఇప్పచెట్ల కింద ఇక నిప్పు పెట్టకూడదు, ఊడ్చుకోవాలి. పువ్వు రాలకముందే గూడెం చుట్టూ బండిబాటంత వెడల్పున ఆకు లేకుండా నేల చెక్కాలి. అగ్గి వస్తే మందిరానికి కాదు, వాగు నడుమ ఇసుకలోకి పోవాలి. నడవలేని వాళ్ళను ముందు మోయాలి.

మరుసటి ఏడు అగ్గి మళ్ళీ వచ్చింది, ఈసారి దూరపు గుట్ట మీది నుంచి. మగవాళ్ళంతా మిరప కోతకు పోయారు. వెదురు పేలుతున్న చప్పుడు వినబడేసరికి నేను ఒక బాలింత దగ్గర ఉన్నాను. ముందురోజే కాన్పయింది. లేస్తే కళ్ళు తిరిగి పడిపోతోంది.

"అమ్మగారూ, పిల్లను దీస్కొని మీరు పోండ్రి. నాతోటి కాదు," అన్నది.

"నిన్ను నడువుమన్నదెవరు? పండుకో."

ఆడవాళ్ళం నలుగురం మంచం ఎత్తాము. వెనక ఇంకో మంచం మీద ఒక ముసలమ్మ వస్తోంది.

"పెండ్లినాడు గూడ నన్ను గిట్ల మోసినోళ్ళు లేరే," అన్నదామె.

"బరువు జూసి బెదిరిండ్రేమో అవ్వా," అన్నది మోస్తున్న ఆమె కోడలు.

బాలింత పిల్లను గుండెకు అదుముకొని, ఆ భయంలోనే నవ్వింది.

ఎండకు కాలుతున్న ఇసుక మీద తడి బొంతలు పరిచి, వాళ్ళకు చీరతో నీడ కట్టి, పచ్చికొమ్మలు విరుచుకొని వెనక్కి పరుగెత్తాము. మంట మనిషెత్తున వచ్చింది. చెక్కిన నేల దగ్గర దానికి తినడానికి ఏమీ దొరకలేదు. అటూ ఇటూ పాకింది, కుంగింది. దాటి పడిన నిప్పురవ్వలను కొమ్మలతో కొట్టాము. కప్పుల మీద పడినవాటిని, మిగతా ఆడవాళ్ళు అప్పటికే అక్కడ పరిచిన తడి గోనెసంచులు అణచివేశాయి. ఒక్క తాటాకు కూడా కాలలేదు.

పొగ చూసి మగవాళ్ళు రొప్పుతూ వచ్చారు. బాలింత భర్త ఖాళీగా ఉన్న ఇంట్లోకి తొంగి చూసి గడపలోనే కూలబడ్డాడు.

"ఏంది, ఏడుస్తున్నవా? వాగుల ఉన్నరు పో," అన్నాను.

సాయంత్రం తల్లీబిడ్డల మంచాన్ని అతనే ముందు పట్టాడు. వెనక గూడెమంతా స్తుతి పాటలు పాడుతూ నడిచాము. పిల్ల మాత్రం దేనికీ లేవకుండా నిద్రపోయింది.

చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం నాతో తల వంచండి. ప్రభువా, అడవి అంచున బతికే ప్రతి ఇంటినీ ఈ ఎండల్లో కాయుము. నిన్ను నమ్మే మా చేతులకు నేల ఊడ్చే ఓపిక ఇమ్ము. ఆమేన్.