బ్రూక్స్ కొండల మీదికి నారింజలు

అలాస్కా ఉత్తరాన, బ్రూక్స్ పర్వతాల మధ్య రోడ్డే లేని ఊరికి చిన్న విమానంలో వెళ్లాను. అక్కడి ఒక శిఖరం ఎత్తు సొంతంగా కొలవాలని బరువైన పరికరం వెంట తీసుకెళ్లాను.

ఎక్కేముందు పైలట్ అందరి బరువూ పైకే అడిగాడు. నాతోపాటు ఎక్కుతున్న ఆ ఊరి పెద్దావిడ ఏ మొహమాటమూ లేకుండా చెప్పి, "బూట్లతో కలిపి!" అని నవ్వింది. మొత్తం బరువు పరిమితి దాటింది. పైలట్ ఆమె నారింజల పెట్టె దించమన్నాడు.

"మా చెల్లికి జబ్బు. ఇవి తప్ప ఏమీ ముట్టడం లేదు," అందామె.

మనసులో లెక్కేసి చూశాను. పెట్టె బరువూ నా పరికరం బరువూ దాదాపు సమానం. పరికరాన్ని దించేశాను.

నేనెందుకు వెళ్తున్నానో ముందే చెప్పాను కాబట్టి, "మరి నీ కొండ?" అని అడిగిందామె.

"కొలవకపోయినా అక్కడే ఉంటుంది లెండి."

ఊళ్లో ఆమె చెల్లెలు మంచం మీదే పండు ఒలిచి, మొదటి తొన నా చేతిలో పెట్టింది. తెచ్చినవాళ్లు తిన్నాకే తినాలట. నేను తిన్నాక, ఆమె తినడం మొదలుపెట్టింది.