తెల్ల బంగారం మీద పసుపు మరక

2005 అక్టోబరులో, మిషిగన్‌లోని నోవైలో కారు విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీ నన్ను తమ ఫెయిల్యూర్ అనాలిసిస్ లాబ్‌కి మేనేజరుగా వేసింది. అప్పటికి లోహశాస్త్రంలో నాకు ఇరవై ఆరేళ్ల అనుభవం. విరిగిన బోల్టు, చిట్లిన స్ప్రింగు, ఏదొచ్చినా అది ఎందుకు విరిగిందో తేల్చడం మా పని. దానికో పద్ధతి ఉంది. వచ్చిన ముక్కను కడగకూడదు. విరిగిన అంచులను ఒకదానికొకటి ఆనించి చూడకూడదు. ముందు ఫొటో తీయాలి. తర్వాత హిస్టరీ, అంటే ఆ ముక్క ఎక్కడ పనిచేసింది, దాన్ని దేనితో తుడిచారు, ఎవరెవరి చేతులు పడ్డాయి అన్న వివరాలు రాయాలి. ఆ తర్వాతే మైక్రోస్కోపు. హిస్టరీ గడి ఖాళీగా ఉన్న రిపోర్టును నేను సంతకం పెట్టకుండా బల్ల మీదికి విసిరేదాన్ని. ఆ విసురుకి లాబ్‌లో నాకు కొంత పేరు కూడా ఉండేది.

నా కింద నలుగురు పనిచేసేవాళ్లు. వాళ్లలో సుధ ఒక్కతే తెలుగమ్మాయి. గుంటూరు నుంచి ఎమ్మెస్‌కి వచ్చి, అది పూర్తవగానే మా లాబ్‌లో చేరింది. వచ్చిన ముక్కలను కోసి, గట్టిపడే రెసిన్ జిగురులో బిగించి, ముఖం కనబడేంత నునుపుగా పాలిష్ చేయడం ఆమె పని. లాబ్‌లో నన్ను పద్మజగారూ అనేది. శనివారాలు మా ఇంటికి వచ్చినప్పుడు ఆంటీ అనేది.

సుధ వేలికి వైట్ గోల్డ్ ఉంగరం ఒకటి ఉండేది. అందులోని రవ్వ వాళ్లమ్మ ముక్కుపుడకది. తల్లి పోయాక తండ్రి ఆ ముక్కుపుడకను కూతురికిచ్చాడు. సుధ ముక్కు కుట్టించుకోలేదు కాబట్టి ఇక్కడే ఒక షాపులో ఆ రాయిని ఉంగరంలో పొదిగించుకుంది. ఆఫీసులో ఉన్నంతసేపూ బొటనవేలితో దాన్ని తిప్పుకుంటూ ఉండేది.

2006 జనవరిలో ఒక శనివారం మా ఇంట్లో పదిమంది భోజనాలకు కలిశాం. నేను పొయ్యి దగ్గర గారెలు వేస్తున్నాను. సుధ వచ్చి వేలు చాపింది.

"ఆంటీ, చూడండి, రింగ్ పచ్చబడుతోంది. ఎలా క్లీన్ చేయాలి?"

బాణలి మీంచి తల తిప్పి ఒక్కసారి చూశాను. "పసుపు మరక. ఒక గిన్నెడు నీళ్లలో సగం మూత బ్లీచ్ పోసి గంట నానబెట్టు. తర్వాత బ్రష్‌తో రుద్దు. వారానికోసారి చేస్తే చాలు. బంగారానికేమీ కాదు" అన్నాను.

వంటింటి గట్టు మీద పసుపు మరకలను నేను బ్లీచ్‌తోనే వదిలించేదాన్ని. చేతికున్న ఇరవై రెండు క్యారెట్ల గాజులు ఆ నీళ్లలో ఎన్నో ఏళ్లు మునిగాయి, వాటికేమీ కాలేదు. నా శాస్త్రమంతా అంతే. పక్కనున్న మరో నలుగురు కూడా ఈ వైద్యం విని, మెటలర్జిస్టు చెప్పింది కదా అని బుర్రకెక్కించుకున్నారు. నాకు లోలోపల ఎంత గర్వంగా ఉందంటే, గారెలు మాడిన వాసన వచ్చేదాకా తెలియలేదు.

మే నెలలో ఒక సోమవారం ఉదయం సుధ గ్లౌజులు విప్పి చూసుకుంటే ఉంగరంలో రాయి లేదు. లాబంతా వెతికాం. పాలిషింగ్ మిషను కింద చేరిన బురదను జల్లెడ పట్టాం. సింకు పైపు విప్పించాం. ఆమె కార్‌లో మ్యాట్లు తీసి దులిపాం. దొరకలేదు. రాయిని పట్టుకునే నాలుగు కొక్కేల్లో రెండు విరిగిపోయాయి. సుధ ఏడవలేదు. ఖాళీ ఉంగరాన్ని నమూనాలు పెట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఇది ఎందుకు విరిగిందో చూసిపెట్టమని నాకిచ్చింది.

లంచ్ టైములో దాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టాను. ఒక్క నిమిషం పట్టింది. విరిగిన కొక్కేల్లోనే కాదు, మిగిలిన రెండింటిలోనూ సన్నని పగుళ్లు కొమ్మలు వేసుకుంటూ లోపలికి పాకాయి. నిత్యం బిగువులో ఉండే లోహానికి పడని రసాయనం తగిలితే అలా అవుతుంది. స్ట్రెస్ కొరోజన్ అంటారు. నా డాక్టరేట్ దాని మీదే. కాకపోతే స్టీలు మీద చేశాను.

మిగతాది ఆ మధ్యాహ్నం పుస్తకం తీసి చదివాను. సలహా ఇచ్చే ముందు చదవాల్సిన పేజీలవి. ఇక్కడి వైట్ గోల్డ్‌లో తెలుపు కోసం చాలావరకు నికెల్ కలుపుతారు. అయినా కొంత పసుపు ఛాయ మిగులుతుంది కాబట్టి పైన రోడియం అనే తెల్లని లోహాన్ని పల్చగా పూత వేస్తారు. పూత అరిగిన చోట లోపలి రంగు బయటపడుతుంది. సుధ వేలు మీద నేను చూసింది అదే. అది మరకే కాదు. ఇక బ్లీచ్‌లోని క్లోరిన్ ఆ నికెల్ మిశ్రమానికి, అందులోనూ వంచి బిగించిన సన్నని కొక్కేలకు, అస్సలు పడదు.

సుధ వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. అప్పటికే తెర మీది బొమ్మను మూసేశాను. లాబ్‌లో తీసిన ప్రతి బొమ్మకూ నంబరు వేసి ఫైల్లో భద్రపరచాలని నియమం. దాన్ని నేను భద్రపరచలేదు.

"బ్రష్‌తో మరీ గట్టిగా రుద్దేశానంటారా?" అని అడిగింది.

"అయ్యుండొచ్చు. కాస్త మెత్తని బ్రష్ వాడాల్సింది" అన్నాను.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట గుర్తొస్తే నాకు ఒళ్లు చచ్చిపోతుంది. తెలియక బ్లీచ్ చెప్పానంటే ఎవరైనా క్షమిస్తారు. బ్రష్ మాట మాత్రం తెలిసి చెప్పింది. నా కింద పనిచేసే పిల్ల, నా మాట మీద నమ్మకంతో అడిగితే, తప్పంతా ఆమె చేతుల మీదికి తోసేశాను. మేనేజరు పరువు పోతుందని భయపడ్డాను. అంతకు మించి కారణమేమీ లేదు.

ఆగస్టులో ఒక ప్లాంటు నుంచి పగిలిన స్టీలు క్లిప్పులు వచ్చాయి. అక్కడి సూపర్‌వైజరు ఎవరికీ చెప్పకుండా క్లోరిన్ ఉన్న క్లీనర్ వాడించాడు. ఫోన్‌లో అతన్ని నేను ఉతికి ఆరేశాను. తప్పు చేయడం ఒక ఎత్తు, దాచడం ఇంకో ఎత్తు అని కూడా అన్నాను. రెండు బల్లల అవతల సుధ ఆ క్లిప్పులనే పాలిష్ చేసి మైక్రోస్కోపులో చూస్తోంది. నేను ఫోన్ పెట్టేశాక తలెత్తింది.

"పద్మజగారూ, నా రింగ్‌కి కూడా ఇలాంటి క్రాక్సే వచ్చాయా?"

"వచ్చాయి."

"బ్లీచ్ వల్లేనా?"

"అవును. చూసిన రోజే తెలిసింది నాకు."

ఆమె మైక్రోస్కోపు లైటు ఆర్పింది. "నేనే రఫ్‌గా వాడి పోగొట్టానని నాన్నకి చెప్పానండీ. నెల రోజులు ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయనకి మీరే చెప్పండి."

ఆ శనివారం పొద్దున సుధ అపార్ట్‌మెంట్‌కి వెళ్లాను. ఆమె గుంటూరుకి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది. ఆయన రిటైరైన స్కూలు మాస్టారు. జరిగిందంతా చెప్పాను. చూసి కూడా మూడు నెలలు దాచానని చెప్పాను. క్షమించమని అడిగాను.

"ఈ బ్లీచ్ సంగతి ఇంకెవరికన్నా చెప్పారా అమ్మా?" అని అడిగాడు ఆయన.

మూడు నెలల్లో ఆ నలుగురూ నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. "చెప్పానండీ. ఇంకో నలుగురికి" అన్నాను.

"ముందు వాళ్లకి ఫోన్ చేయండి. ఫోను మా పాపకివ్వండి."

నలుగురికీ అదే రోజు ఫోన్ చేశాను. ఇద్దరివి మామూలు పసుపు బంగారాలే. మూడో ఆవిడ నా వైద్యం మొదలుపెట్టనే లేదు. నాలుగో ఆవిడ పెళ్లి ఉంగరాన్ని నెలనెలా బ్లీచ్‌లో ముంచుతోంది. షాపులో చూపిస్తే ఒక కొక్కెం పగుళ్లిచ్చి ఉంది. రాయి ఇంకా ఊడలేదు. మరి ఎలా కడుక్కోవాలని అందరూ అడిగితే ఇలా చెప్పాను: గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి, పది నిమిషాలు నానబెట్టి, పసిపిల్లల బ్రష్‌తో రాయి వెనక మెల్లగా రుద్ది, మంచినీళ్లతో కడిగి మెత్తని గుడ్డతో అద్దుకోండి. టూత్‌పేస్ట్ వద్దు, పూత అరుగుతుంది. ఇల్లు తుడిచేటప్పుడు, ఈతకొలనులో దిగేటప్పుడు ఉంగరం తీసి పెట్టండి. పచ్చబడితే రుద్దకండి, షాపులో మళ్లీ పూత వేస్తారు. జనవరిలో పొయ్యి కట్టేసి ఉంటే ఇదంతా చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది.

సుధ ఇంకో రెండేళ్లు మా లాబ్‌లోనే పనిచేసింది. పనిలో ఏ లోటూ రానివ్వలేదు. ఆంటీ అని మాత్రం మళ్లీ పిలవలేదు. ఆ ఉంగరంలో వేరే రాయి పెట్టించుకోలేదు.

నేను 2013లో రిటైరయ్యాను. ఈ ఉదంతం నేర్పింది చిన్న విషయమే. ఒక వైఫల్యంలో తన చెయ్యి ఉన్నదని అనుమానం వచ్చినవాళ్లు ఆ ముక్కను తాము పరీక్షించకూడదు, వెంటనే పైవాళ్లకు చెప్పి మరొకరికి అప్పగించాలి. ఇది మా లాబ్ మాన్యువల్ మొదటి పేజీలో, మూడో నియమంగా, 2005 నుంచీ ఉంది. చేరిన కొత్తలో ఆ పేజీ రాసింది నేనే.