ఆమెకి చెప్పొద్దండి

నర్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక రాజమండ్రిలో ఒక ఆసుపత్రివాళ్ళు నన్ను పిలిచి కొత్త పని అప్పజెప్పారు. తెలుగు రాని రోగులకీ డాక్టర్లకీ మధ్య మాట చేరవేసేవాళ్ళకి శిక్షణ ఇవ్వాలి. కడియం నర్సరీల్లో పనికి ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు మా దగ్గరికే వస్తారు. ఆడమనిషి ఎంతోసేపు తన బాధ చెప్పుకుంటుంది. పక్కనున్న మొగుడో, మేస్త్రీయో "కడుపునొప్పంటండి" అని ఒక్కమాటలో తేల్చేస్తాడు. మిగతాదంతా ఏమైపోయిందో డాక్టరుకి తెలీదు.

మొదటి బ్యాచిలో బరంపురం నుంచి కడియానికి కోడలుగా వచ్చిన అమ్మాయి ఉండేది. రెండు భాషలూ గడగడా మాట్లాడేది. చిక్కల్లా ఆమె మంచితనమే. అభ్యాసానికి డాక్టరు వేషం వేసి నేను "ఆపరేషన్ చెయ్యాలి" అంటే, "చిన్న ఆపరేషనే, భయపడకండి" అని ఒడియాలో చెప్పేది.

"చిన్నది అని నేనన్నానా అమ్మా?"

"లేదు మేడం. పాపం, భయపడతారని..."

"భయపడితే డాక్టరుగారు ధైర్యం చెబుతారు. నువ్వు కలపకూడదు, తియ్యకూడదు. గదిలో ఎవరేం మాట్లాడినా అవతలివాళ్ళకి చేరాలి."

శిక్షణ అయ్యాక ఆమెని మొదటిసారి నిజమైన రోగి దగ్గరికి పంపాను. తోడుగా నేనూ వెనక కుర్చీలో కూర్చున్నాను. ఒడిశా సరిహద్దున ఇచ్ఛాపురం వైపు పనిచేసిన రోజుల పుణ్యమా అని నాకు ఒడియా అర్థమవుతుంది, మాట్లాడ్డం రాదు. రోగి నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టే ఆడమనిషి. రొమ్ములో గడ్డ ఉంటే ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చింది. భర్త లారీలకి మొక్కలెత్తే పని చేస్తూ తెలుగు నేర్చుకున్నాడు. ఇక్కడ అన్న మాట ప్రతిదీ ఇద్దరికీ చెబుతానని ఆ అమ్మాయి ముందే రెండు భాషల్లోనూ చెప్పింది. అతను వినీ విననట్టు తలూపాడు.

డాక్టరుగారు కాగితం తీయగానే అతనికి అర్థమైపోయింది. తెలుగులో గబగబా అన్నాడు.

"డాక్టరుగారండీ, క్యాన్సరైతే ఆమెకి చెప్పొద్దండి. తట్టుకోలేదండి. నాకు చెప్పండి చాలు."

ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను కదల్లేదు. నిజానికి నాకూ అతని బాధ అర్థమైంది. మా ఇళ్ళల్లోనూ ఇలాంటి కబురు పెద్దవాళ్ళ దగ్గర దాచినవాళ్ళమే కదా. ఆ అమ్మాయి రోగివైపు తిరిగి, అతనన్న మాట అన్నట్టే ఒడియాలో చెప్పింది. ఒక్క మాట మార్చలేదు.

అతను కుర్చీలోంచి లేచిపోయాడు. "నిన్నెవరు చెప్పమన్నారు?" అని ఆ అమ్మాయిమీద అరిచాడు. భార్య అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. డాక్టరుగారివైపు తిరిగి నెమ్మదిగా ఒడియాలో చెప్పుకుంది. ఆ అమ్మాయి దాన్ని తెలుగులో చెప్పింది.

"ముక్క తీసిన రోజే నాకు అనుమానం వచ్చింది. ఈయన భయపడతాడని నేను పైకి అనలేదు. ఏం వైద్యం చేస్తారో నాకే చెప్పండి."

డాక్టరుగారు తన కుర్చీ ఆమెకెదురుగా జరుపుకుని అన్నీ ఆమెకే చెప్పారు. ముందు ఇంజెక్షన్లు, వాటికి జుట్టు రాలుతుంది, తర్వాత ఆపరేషన్. ఆమె అడిగినవాటికి ఓపిగ్గా జవాబిచ్చారు. జుట్టు మళ్ళీ వస్తుందా అని అడిగింది. తన పాలు తాగే పిల్లకి ఈ జబ్బు అంటుతుందా అనీ అడిగింది. మొగుడే మధ్యలో మాట చేరవేస్తుంటే ఈ రెండో ప్రశ్న డాక్టరుదాకా ఎన్నడూ వచ్చేది కాదేమో.

బయటికొచ్చాక ఆ అమ్మాయి మెట్లమీద కూలబడి ఏడ్చింది. "ఆ మనిషి కాపురంలో చిచ్చుపెట్టానా మేడం?" అంది. నేనూ ఆమె పక్కన మెట్టుమీద కూర్చున్నాను.

వైద్యం నెలలతరబడి సాగింది. వచ్చిన ప్రతిసారీ రోగి ఆ అమ్మాయే కావాలని అడిగేది. భర్త మాత్రం ముఖం తిప్పుకునేవాడు. ఆపరేషన్ బాగా జరిగిన రోజు క్యాంటీను దగ్గర నాకెదురయ్యాడు. ఆగి, చేతిలో టీగ్లాసు తిప్పుతూ అన్నాడు.

"ఆ రోజు మీమీద చాలా కోపమొచ్చిందండి. ఇంటికెళ్ళాక ఇద్దరం కలిసి ఏడ్చాం. లేకపోతే నేనొక్కణ్ణే చాటుగా ఏడ్చేవాణ్ణి. మా ఆవిడా అంతేనంటండి."

వార్డులోకి వెళ్ళి ఆ అమ్మాయికి అతని మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. ఆమె విని, తర్వాతి రోగి మంచం దగ్గరికి వెళ్ళింది.