మాగాయ మీద పడిన రంగు పొడి

వేసవి చివర్లో ఒక ఉదయం నా భార్య వసుంధర టిఫిన్ పళ్ళెం పక్కకి జరిపేసింది. కడుపులో మెలిపెడుతున్నట్టు ఉందంది. నేను పోర్టికోలో పికప్ వ్యాన్ కింద పడుకుని నట్లు విప్పుతున్నాను. రాత్రి పులుసు పడలేదేమోనని అక్కణ్ణుంచే చెప్పాను. లేచి రాలేదు.

నేను సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్‌గా చేసి మానేశాను. పాతకాలం కథల షూటింగులకు అద్దెకివ్వచ్చని, సెట్ సామాన్ల గోడౌన్‌లో మూలపడి ఉన్న ఆ వ్యాన్‌ని కొని ఫిల్మ్‌నగర్‌లోని మా ఇంటికి తెచ్చాను. అది ఒక సినిమాలో పోలీసు బండి, ఇంకోదాంట్లో పాల బండి. ప్రతిసారీ పాత రంగు మీదే కొత్త రంగు కొట్టేశారు. నీలం గీకితే తెలుపు, తెలుపు గీకితే ఎరుపు. ఎంత గీకినా రేకు కనబడదు. వేసవి మొదట్లో, గ్రైండర్ మోతకి పక్కింటివాళ్ళు గొడవ పెట్టుకుంటే, తలుపులూ బానెట్టూ విప్పి డాబా మీదకి మోయించి అక్కడ గీకాను.

అప్పుడే డాబా మీద ఆ చివర వసుంధర మాగాయ ముక్కలు ఎండబెట్టి పల్చటి పాత చీర కప్పింది. పొడి ఎగురుతోంది, ఎండ తగ్గేదాకా ఆగమంది. గాలి అవతలికి వీస్తోందిలే అని గీకుతూనే ఉన్నాను.

నొప్పి తగ్గలేదు. మొదటి డాక్టర్ గ్యాస్ట్రైటిస్ అన్నారు. ఎండోస్కోపీ చేశారు, స్కాన్ తీశారు, అంతా నార్మల్. మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ పడిపోయిందని ఐరన్ ఇచ్చారు. దాంతో మలబద్ధకం ఇంకా ముదిరింది. స్ట్రెస్ ఏమైనా ఉందా అని ఇంకొకాయన అడిగారు. లేదని నేను చెప్పాను. వసుంధర నావైపు చూసింది.

సెట్‌లో ఎవరు ఎవర్ని ఏమడిగినా జవాబు నేనే చెప్పేవాణ్ణి. ఆ అలవాటు ఆసుపత్రికీ తీసుకెళ్ళాను. నొప్పి ఎక్కడమ్మా అని ఆమెని అడిగితే చోటు నేను చూపించేవాణ్ణి. ఒకసారి ఇంట్లో ఏం చేస్తుంటారని అడిగితే ఆమె, "మా ఇంట్లో బండి పని..." అని మొదలుపెట్టింది.

"బండికీ కడుపునొప్పికీ ఏంటి సంబంధం? డాక్టర్‌గారికి అవతల పేషెంట్లున్నారు" అన్నాను. మళ్ళీ ఆమె ఆ మాట ఎత్తలేదు.

కొన్నాళ్ళకి కుడి మణికట్టు పట్టు తప్పింది. కుక్కర్ జారి కాలి పక్కన పడింది. అప్పుడు రక్తం జబ్బులు చూసే హెమటాలజీకి పంపారు. అక్కడి డాక్టరమ్మ బ్లడ్ స్మియర్ చూసి, ఎర్రకణాల్లో చుక్కలున్నాయి, బేసోఫిలిక్ స్టిప్లింగ్ అంటాం, ఒంట్లో సీసం చేరితే ఇలా కనబడొచ్చు అంది. పాత పెయింట్, బ్యాటరీలు, నాటుమందులు, ఇలాంటివేమైనా వాడుతున్నారా అని అడిగింది. నేను గొంతు సవరించుకున్నాను.

"మిమ్మల్ని కాదు సార్. ఆవిణ్ణి చెప్పనివ్వండి."

వసుంధర అంతా చెప్పింది. వ్యాన్, డాబా, గ్రైండర్. నా పని బట్టలు దులిపి ఉతికేది తనే. "మాగాయ రోజూ వేసుకుంటానండీ. ఈయనకి బీపీ, ఉప్పు మాన్పించారు. ముట్టుకోరు."

పాత రంగుల్లో సీసం ఉంటుందని, అది రక్తంలో ఎంతుందో చూసే బ్లడ్ లెడ్ లెవెల్ టెస్టు ఇద్దరికీ రాశారు. ఆమెకి చాలా ఎక్కువ వచ్చింది. నాకు కొంచెమే. నేను మాస్క్ పెట్టుకుని గీకాను. ఆమెకొకటి ఇవ్వాలని నాకు తోచలేదు.

ఆ మాగాయలో సగం మోతీనగర్‌లో వసుంధర చెల్లెలికి పంపాం. ఫోన్ చేసి పారేయమన్నాను. సంగతంతా విని, "అంటే బావగారూ, మీ వ్యాన్‌లో మాకూ వాటా ఇచ్చారన్నమాట" అంది. వాళ్ళూ టెస్టులు చేయించుకున్నారు. మందులు అవసరం లేదన్నారు, అదృష్టం.

వసుంధరకి, ఒంట్లోని సీసాన్ని బయటికి పంపే కీలేషన్ మందు మొదలైంది. ఆ క్యాప్సూల్స్ కుళ్ళిన గుడ్ల వాసన. ముక్కు మూసుకుని మింగేది. లెవెల్ తగ్గింది, తర్వాత మళ్ళీ పెరిగింది. నేను డాక్టరమ్మ మీద విరుచుకుపడ్డాను. ఎముకల్లో చేరిన లెడ్ మెల్లగా రక్తంలోకి వస్తుంటుంది, ఇది ఉండేదే అని ఓపిగ్గా చెప్పి, డాబా ఎలా శుభ్రం చేశారని అడిగింది.

"చీపురుతో ఊడ్చాను."

"పొడి చీపురుతోనా?" ఆమె పెన్ను కింద పెట్టేసింది.

మిగిలిన పొడిని కూడా నేనే గాల్లోకి లేపి ఇంట్లోకి పంపానన్నమాట. ఆ వారమంతా తడిగుడ్డలతో డాబా, మెట్లు, కిటికీలు తుడిచాను. తలుపులూ బానెట్టూ కవర్లు చుట్టి, బండితో పాటు మెకానిక్ షెడ్డుకి పంపేశాను. మిగతా రంగు వాళ్ళే తీసి, బండి బిగించారు. ఇప్పుడది ఆకుపచ్చగా మెరుస్తూ గేటు బయట ఉంటుంది. చూడబుద్ధి కాదు.

వసుంధర కడుపునొప్పి పోయింది. కుక్కర్ ఎత్తగలుగుతోంది. ఈ ఏడు మాగాయ చెల్లెలి డాబా మీద పెట్టుకుంది.

ఇది చదివే వాళ్ళలో రోగి వెంట ఆసుపత్రికి వెళ్ళే వాళ్ళుంటే ఒక్కమాట. ఫైలు మీరు మోయండి, జవాబు మాత్రం రోగినే చెప్పనివ్వండి.

అది నాకింకా పూర్తిగా రాలేదు. మొన్న చెకప్‌లో డాక్టరమ్మ ఎలా ఉందమ్మా అనగానే నా నోరు తెరుచుకుంది. వసుంధర నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. పట్టు బాగానే ఉంది. నోరు మూసుకున్నాను.

"నొప్పి లేదండీ. కానీ కత్తిపీట ముందు కూర్చుంటే ఇంకా భయం, చెయ్యి ఎప్పుడు వదిలేస్తుందోనని" అంది.

ఇన్నాళ్ళూ ఆమెతో ఒకే ఇంట్లో ఉన్నాను. ఆ భయం సంగతి నేను మొదటిసారి వినడం ఆ గదిలోనే.