మగ్గం గుంట మీద కుర్చీ

1979, ఎండలు ముదురుతున్న ఒక మంగళవారం. స్థలం: కొత్తవాడ. హాజరైనవారు: విదేశీ దొరసాని, నేత సంఘం పెద్దక్క, వీధివాళ్లు, నేను, మొండి మామ (హాజరు కానట్టే లెక్క).

ఆ రోజుల్లో చుట్టం వస్తున్నాడంటే ముందు మన బతుకును గదిలోంచి బయటికి మోసి, తర్వాత చుట్టాన్ని లోపలికి పిలిచేవాళ్లం. చిరుగుల బొంత అటక మీదికి, సొట్ట గిన్నెలు మంచం కిందికి పోయేవి. ఆ అలవాటే ఒకసారి మా జంపఖానాల సంఘం కొంప ముంచబోయింది. నేనక్కడ రాతకోతలు చూసే కుర్రవాణ్ణి. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కనుక దుబాసీని కూడా. నేతగాళ్లకు న్యాయమైన కూలి ముట్టేలా సరుకు నేరుగా కొని, తమ దేశంలో అమ్మే ఒక దుకాణం తరఫున దొరసాని వస్తానని రాసింది. నేతగాళ్ల ఇళ్లు చూడాలంది. ఆమెకు నచ్చితే వానాకాలమంతా వీధికి పని. లేదంటే ఎప్పటిలాగే షావుకారు గడప. ఉత్తరం చదివి వినిపించగానే పెద్దక్క (సంఘానికి అధ్యక్షురాలు, వీధికి పోలీసు) కొంగు బిగించింది. "ఇండ్లు సూత్తదంటనా? ఇంటినిండ మగ్గమేనాయె, ఆమె కాలు యాడ వెడ్తది? తీసెయ్యుండ్రి." నేనూ మేధావిలా తలాడించి, ఎవరింట్లో ఏది ఎక్కడికి తరలించాలో డైరీలో పట్టిక వేశాను.

సోమవారం సాయంత్రానికి మగ్గాలన్నీ విప్పి పెరళ్లలో పేర్చారు. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంటల మీద పలకలు పరిచి, హన్మకొండ నుంచి తెచ్చిన కిరాయి కుర్చీలు వేశాం. చివరింటి మొండి మామ ఒక్కడే "నా మగ్గం నేను సచ్చినంకనే లేస్తది" అన్నాడు. బతిమాలి విసిగి, "అట్లయితే రేపు తలుపు పెట్టుకో మామా. నువ్వు ఊళ్లె లేనట్టే" అన్నాను. "లేనట్టేనా?" "లేనట్టే." "సరె అల్లుడా" అన్నాడు, అనుమానం రావలసినంత మెత్తగా.

దొరసాని వచ్చింది. పెద్దక్క ఇంట్లో సర్వపిండి తిని, కారానికి కళ్లు తుడుచుకుని, నిమ్మసోడా తాగి, సున్నం వేసిన గోడలన్నీ చూసి, చివరికి మగ్గం ఎక్కడుందని అడిగింది. ఆమె కుర్చీ సరిగ్గా మగ్గం గుంట మీదే ఉంది. ఆ సంగతి చెప్పడానికి నా నాలుగు ముక్కలూ చాలలేదు. నేయడం కళ్లారా చూడకుండా ఆర్డరు ఇవ్వలేనని, సాయంత్రం రైలుకు వెళ్లిపోవాలని అంది. విప్పిన మగ్గం నిలబెట్టాలంటే అంతకంటే ఎక్కువ సేపే పడుతుంది. "సదువుకున్నోనివి, మగ్గాలు తియ్యద్దని నువ్వన్న సెప్పొద్దా తమ్మీ?" అంది పెద్దక్క. అప్పుడే చివరింట్లోంచి దబ్ దబ్‌మని మగ్గం చప్పుడు వినిపించింది.

అందరం అటు పరుగెత్తాం. లోపల గడియ వేసి ఉంది.

"మామా, తలుపు తియ్యి."

"నేను లేను."

"మాట్లాడుతున్నవు గద."

"లేనని సెప్తాన. ఊళ్లె లేనోడు తలుపెట్ల దీస్తడు? నువ్వే అంటివి గద అల్లుడా."

"ఇప్పుడే వచ్చిననుకో."

"యాడికెల్లి?"

"పరకాల నుంచి."

చప్పుడు ఆగింది. "పరకాల బస్సు పొద్దుగూకినంకనే వస్తది" అన్నాడు.

పెద్దక్క నన్ను పక్కకు నెట్టి, వీధంతా వినబడేలా అంది: "పోనియ్యి తమ్మీ. ముసలాయనకు కండ్లు కనవడ్తలేవు, అంచు వంకర వోతాంది. అందుకే దాసుకుంటాండు."

తలుపు భళ్లున తెరుచుకుంది.

రైలు వేళ దాకా దొరసాని గుంట అంచున కూర్చుని లేవలేదు. మామ ఆమె చేత కూడా నాలుగు వరసలు నేయించాడు. "అట్ల గాదు బిడ్డా, జర గట్టిగ" అంటే, దుబాసీ అవసరం లేకుండానే ఆమెకు అర్థమైంది. వెళ్తూ వెళ్తూ ఆర్డరు ఖాయం చేసింది. చలికాలంలో ఫొటోలు తీసే మనిషితో మళ్లీ వస్తానంది. ఆ మాటను నేను గర్వంగా తెలుగులో చెప్పాను.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి వీధివీధంతా మగ్గాలు నిలబెట్టుకుంటోంది. మొండి మామ ఇంటి ముందు మాత్రం విప్పిన మగ్గం పడి ఉంది. మామ సున్నం బకెట్ పట్టుకుని లోపల గోడ ముందు నిలబడ్డాడు.

"ఇదేంది మామా, సచ్చినంకనే లేస్తదంటివి?"

"ఫొటోలు దిగాలె గద అల్లుడా. ఇల్లు జర మంచిగుండద్దా?"

"ఆమె వచ్చేది చలికాలంల."

"గోడ ఆరద్దా మరి?"

నవ్వుకుంటూ నేనూ ఒక కుంచె అందుకున్నాను. (ఇవాళ నా గదికి ఎవరో వస్తున్నారని తెలిసి, డైరీల గుట్ట మీద మామ నేసిన జంపఖానా కప్పుతుంటే ఇదంతా గుర్తొచ్చింది.)